18వ శతాబ్దపు బ్యాలే డ్రెస్ కుట్టాలంటే ముందుగా కాళ్ళు చూడాలి

స్కూలు యాన్యువల్ డేకి గానీ కాలేజీ ఫెస్ట్‌కి గానీ "పాతకాలం బ్యాలే డ్రెస్" కావాలని వచ్చేవాళ్ళు ఫోన్‌లో చూపించేది ఎక్కువగా ఒకటే: నెట్‌తో గుండ్రంగా నిలబడే పొట్టి గౌను, మునివేళ్ళ మీద నిలబడే పింక్ షూలు. ఆ రెండూ 19వ శతాబ్దంలో వచ్చినవి. అంతకు ముందు వందేళ్ళు పారిస్ ఒపేరాలో డాన్సర్లు వేసుకున్నవి దాదాపు రాజదరబారు బట్టలే, కాస్త తళుకు ఎక్కువ. నేను విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర కూచిపూడి డ్రెస్సులు కుడతాను. అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి కూర్చున్నప్పుడు విసనకర్ర కుచ్చిళ్ళు సరిగ్గా విచ్చుకునేలా ఎలా చూసుకుంటామో, ఇక్కడా అంతే. కాలు ఏం చేయబోతోందో తెలియకుండా కత్తెర పట్టకండి.

కాబట్టి ముందు మీ డాన్స్ ఏ కాలానిదో తేల్చుకోండి. 1726లో పారిస్ ఒపేరాలో అడుగుపెట్టిన మారీ కమార్గో, గాల్లో ఉండగానే పాదాలు ముందువెనకలు మార్చే అడుగులకు పేరు తెచ్చుకుంది. నేలను ఊడ్చే లంగా వేసుకుంటే ఆ అడుగులు ఎవరికి కనబడతాయి? ఆవిడ లంగా అంచు చీలమండ పైకి ఎత్తించిందని చెబుతారు. అదే కాలపు మారీ సాలే వేరే దారి పట్టింది. 1734లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో 'పిగ్మేలియన్' అనే బ్యాలే చేసినప్పుడు లంగా కింద చట్రం లేదు, పైన బిగుతు బాడీ (నడుము దాకా వచ్చే జాకెట్టు) లేదు. జుట్టు వదిలేసి, గ్రీకు విగ్రహాల పద్ధతిలో పల్చటి మస్లిన్ కట్టుకుని వచ్చింది. మొదటిసారి కుట్టేవాళ్ళకి నా సలహా సాలే పద్ధతే. మంచి మల్‌మల్ గానీ పొందూరు ఖద్దరు గానీ తీసుకోండి. కింద తెల్ల లైనింగ్ వేసి, భుజాల దగ్గర పట్టి కుట్టి, నడుము దగ్గర నాడాతో ఒదులుగా కట్టండి. గంజి మాత్రం పెట్టకండి, బట్ట ఒంటి మీద జారాలి.

కమార్గో పద్ధతి కావాలంటే అసలు పని 'పనియే'లో ఉంది. నడుముకి రెండు పక్కలా కట్టుకునే చట్రం అది. ముందూ వెనకా ఒళ్ళు సన్నగానే ఉంటుంది, పక్కలకి మాత్రం లంగా విచ్చుకుంటుంది. అప్పట్లో తిమింగలం నోట్లో ఉండే పొరలతోనూ, పేము బెత్తంతోనూ చేసేవారు. మనకి పేము చాలు, మేదర పని చేసేవాళ్ళని అడిగితే సన్నది చీల్చి ఇస్తారు. ఇనపతీగ జోలికి వెళ్ళొద్దు. మన సముద్రపు గాలికి తుప్పు పట్టి తెల్లబట్ట మీదకి మరక దిగితే ఇక పోదు.

పేముని నీళ్ళలో అరగంట నానబెట్టి, వంచి తాడుతో కట్టి ఆరనివ్వండి. ఒక్కో పక్కకి మూడు ముక్కలు కావాలి: 16, 19, 21 అంగుళాలు. తొడకి ఆనుకునే బట్ట 10 అంగుళాల చదరం. బయటవైపు బట్ట పైన 17, కింద 22 అంగుళాల వెడల్పుతో, 10 అంగుళాల ఎత్తుతో ఉండాలి. దాని మీద అడ్డంగా మూడు గొట్టాల్లా పట్టీలు కుట్టి, పొట్టి ముక్క పైన, పొడుగుది కింద వచ్చేలా పేము దూర్చండి. చివరలకి గుడ్డ చుట్టండి, లేకపోతే డాన్సర్ తొడకి గుచ్చుకుంటుంది. తొడవైపు బట్టనీ బయటవైపు బట్టనీ అంచులు కలిపి కుడితే ఒక సంచి అవుతుంది. ఇలాంటి రెండు సంచులనీ ఒకే నాడాకి కుట్టి నడుముకి కడితే మొత్తం వెడల్పు సుమారు రెండున్నర అడుగులు వస్తుంది. దరబారులో ఇంతకు రెట్టింపు వెడల్పువీ వేసుకునేవారు. మనకి అంత వద్దు. కళాభారతి ఆడిటోరియం అయినా మీ స్కూలు స్టేజి అయినా, ముందు వెళ్ళి గ్రీన్‌రూమ్ తలుపు, వింగ్స్ మధ్య దారి టేపుతో కొలిచి రండి.

లంగా విషయంలో మామూలు పద్ధతిని తిరగేయాలి. మనం నడుము దగ్గర సమంగా కత్తిరించి అంచు దగ్గర సరిచేస్తాం. పనియే మీద అలా వేస్తే పక్కలు పైకి లేచిపోతాయి. అందుకని కింద అంచు ముందే మడిచి కుట్టేయండి. డాన్సర్‌కి పనియే కట్టి, నేల నుంచి ఆరు అంగుళాలు పైకి అంచు పెట్టి, ఎక్కువైన బట్టని నడుము దగ్గర కత్తిరించండి. ముందు భాగం, వెనక భాగం వేరువేరుగా చేసి రెండు నాడాలతో కడితే పని సులువు. లోపల మోకాళ్ళ దాకా తెల్ల పైజామా తప్పనిసరి.

బాడీకి రెండు పొరల గట్టి కాటన్ తీసుకుని, మధ్యలో నిలువు గొట్టాల్లా కుట్టి ప్లాస్టిక్ కేబుల్ టైలు దూర్చండి. కోసిన చివర కొవ్వొత్తి మంట దగ్గర కాస్త కరిగించి గుండ్రం చేయాలి. ముందు భాగం నడుము కిందకి మొనలా దిగాలి, వెనక తాడుతో అల్లిక రావాలి. మన ఉక్కపోతలో బిగించి కట్టకండి. ఊపిరి నిండా పీల్చినప్పుడు లోపలికి రెండు వేళ్ళు దూరాలి. అల్లిక బిగుతు చూసి మెచ్చుకునే అమ్మలు ఉంటారు, వాళ్ళ మాట వినొద్దు. పిల్ల కళ్ళు తిరిగి పడిపోతే డాన్సే ఉండదు.

స్టేజికి అప్పట్లో వెలుగు కొవ్వొత్తులు, నూనె దీపాలు. ఆ మసక వెలుగులో మెరవాలనే అంత జరీ, తళుకులు కుట్టేవారు. ఇప్పటి ఎల్‌ఈడీ లైట్ల కింద కొత్త జరీ కళ్ళు చెదరగొడుతుంది. పాత పట్టుచీర అంచు కత్తిరించి వేయండి, దాని మెరుపు నెమ్మదిగా ఉంటుంది. చేతులు మోచేతి దాకా, చివర లేసు ఫ్రిల్. కాళ్ళకి మెత్తటి, మడమ లేని స్లిప్పర్లు. తలకి తెల్ల పొడి చల్లే ఫ్యాషన్ నిజమే, కానీ స్టేజి మీద రాలితే జారిపడతారు. తెల్ల విగ్ పెట్టండి.

మగవాళ్ళకీ పొట్టి చట్రం లంగా ఉండేది, దాన్ని 'టోనెలె' అనేవారు. నడుము చుట్టూ ఒకే పేము కట్టుతో తేలిగ్గా వస్తుంది. ముఖానికి మాస్కు కూడా పెట్టుకునేవారు. జా జార్జ్ నొవేర్ అనే డాన్స్ మాస్టర్ 1760లో అచ్చయిన తన లేఖల్లో మాస్కులూ, ఈ చట్రాలూ తీసేయమని గట్టిగా వాదించాడు. ముఖమే కనబడకపోతే భావం ఎక్కడ పలుకుతుంది? అభినయం తెలిసిన మనకి ఆ మాట ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మీ కథ 1770ల తర్వాతదైతే మాస్కు వదిలేయండి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన డ్రెస్. 1789 జూలై 1న బోర్డో నగరంలో 'లా ఫీయ్ మాల్ గార్దే' అనే బ్యాలే మొదటిసారి ఆడింది. దేవతలు, రాజులు కాదు, అందులో ఉన్నది పల్లెటూరి మనుషులు. దానికి పూల అద్దకం కాటన్ చక్కగా నప్పుతుంది. మచిలీపట్నం వైపు నుంచి వెళ్ళిన అద్దకం బట్టల మీద యూరప్ ఎంత మోజు పడిందంటే, తమ పట్టు, ఉన్ని నేతగాళ్ళు నష్టపోతున్నారని ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం నడిచింది. మన భీమిలిలో డచ్చివాళ్ళు మకాం పెట్టిందీ ప్రధానంగా బట్టల వ్యాపారానికే. పెడన కలంకారీలో తెల్ల నేల మీద చిన్న పూల తీగ ఉన్నది ఎంచుకోండి, ముదురు ఎరుపు వద్దు. చీలమండ దాకా కుచ్చుల లంగా, తెల్ల ఏప్రాన్, మెడలో పల్చటి రుమాలు. దీనికి పనియే అక్కర్లేదు.

డ్రెస్ ఏదైనా, ప్రోగ్రామ్‌కి కనీసం వారం ముందే డాన్సర్ చేతిలో పెట్టండి. పనియేతో కూర్చోవడం, తిరగడం, పక్కమనిషికి తగలకుండా నడవడం అన్నీ మళ్ళీ నేర్చుకోవాలి. ప్రోగ్రామ్ అయ్యాక పేము బయటికి తీసి, నీడలో ఆరబెట్టి, బట్ట విడిగా ఉతకండి. వానాకాలంలో పేముకి బూజు పడుతుంది, అందుకే అప్పుడప్పుడు తీసి గాలికి పెట్టండి.