హంగేరీ గులాష్ ఇంట్లో చేసుకునే పద్ధతి, మా పక్కింటి పెద్దావిడ నేర్పినట్టు

గులాష్ అనగానే చిక్కటి మాంసం కూర గుర్తొస్తుంది మనకి, నేనూ అదే అనుకుని వచ్చా ఇక్కడికి. హంగేరీలో గుయాష్ అంటే (వీళ్ళు పలికేది అలాగే) పల్చటి పులుసు, లోతు గిన్నెలో పోసుకుని స్పూన్ తో తాగుతారు. చిక్కగా కూరలా ఉండేదాని పేరు పొర్కొల్ట్, దాన్నే చికెన్ తో చేసి పుల్లటి క్రీమ్ కలిపితే పాప్రికాష్. బయటి దేశాల హోటళ్ళలో గులాష్ అని పెట్టేది చాలాసార్లు పొర్కొల్టే.

నేను హంగేరీలో దెబ్రెట్సెన్ అనే ఊళ్ళో చదువుకుంటున్నా, ఇది నాలుగో ఏడు. మొదటి చలికాలంలో పక్క ఫ్లాట్ నేని (పెద్దావిడల్ని నేని అంటారు, మనం పిన్నిగారూ అన్నట్టు) ఒక గిన్నెడు తెచ్చిచ్చింది, పైన తేలే ఎరుపు చూసి గుంటూరు కారం అంత ఉంటుందేమో అని భయపడ్డా, తాగితే కారమే లేదు, ఉల్లిపాయ తీపి, మాంసం రుచి, లోపల వెచ్చగా దిగుతుంది. ఆవిడ దగ్గరే నేర్చుకున్నా.

గుయాష్ అనే మాటకి అసలు అర్థం పశువుల కాపరి, గుయ అంటే మంద. మా ఊరికి పడమర హొర్తొబాద్ అనే పెద్ద మైదానం ఉంది, అక్కడ పొడుగు కొమ్ముల బూడిద రంగు పశువులు ఇప్పటికీ మేస్తుంటాయి, కాపరులు మూడు కర్రలకి వేలాడదీసిన బొగ్రాచ్ అనే ఇనప డేగిసాలో పొయ్యి మీద వండుకున్న తిండి ఇది. అందుకే మసాలాలు తక్కువ, ఓపిక ఎక్కువ.

నలుగురికి కావలసినవి: ఎముక లేని మాంసం 700 గ్రాములు, ఉల్లిపాయలు 3 పెద్దవి, పంది కొవ్వు 2 పెద్ద స్పూన్లు (లేకపోతే పొద్దుతిరుగుడు నూనె), తియ్య పాప్రికా (కారం లేని ఎర్ర మిరప పొడి) 3 పెద్ద స్పూన్లు, వెల్లుల్లి 3 రెబ్బలు, కేరవే గింజలు ఒక చిన్న స్పూను, బిర్యానీ ఆకు, టమాటా 1, క్యాప్సికమ్ 1, క్యారెట్లు 2, బంగాళాదుంపలు 400 గ్రాములు. వీళ్ళు పార్స్లీ దుంప కూడా వేస్తారు, దొరక్కపోతే ఇంకో క్యారెట్ వేసుకోండి చాలు. అసలైతే బీఫ్ పిక్క ముక్కలు, నరాలున్నవి, అవి కరిగితేనే పులుసుకి జిగురు వస్తుంది. బీఫ్ తినని వాళ్ళు మటన్ తో నిశ్చింతగా చేసుకోండి, ఈ దేశంలోనే కర్త్సగ్ అనే ఊరు మటన్ పొర్కొల్ట్ కి ప్రసిద్ధి. జీలకర్ర మాత్రం కేరవేకి బదులు వెయ్యొద్దు, మొత్తం మన కూర వాసన వచ్చేస్తుంది, షాజీరా కొంచెం దగ్గర. అల్లం, గరం మసాలా, ధనియాల పొడి ఏవీ వద్దు, చెయ్యి లాగుతుంది, తెలుసు, కానీ ఒక్కసారి అవి లేకుండా తాగి చూడండి.

ఇక పాప్రికా. సెగెద్ ది గానీ కలొచ ది గానీ (రెండూ ఇక్కడి ఊళ్ళే) తీసుకోండి, ప్యాకెట్ మీద ఏదెష్‌నెమెష్ అని ఉంటే తియ్యది, చీపోష్ అంటే కారంది. ఆ సెగెద్ లోనే సెంట్-గ్యోర్గి అనే సైంటిస్ట్ ఈ మిరపకాయల నుంచే విటమిన్ సి పెద్ద ఎత్తున తీశాడు, 1937లో నోబెల్ వచ్చింది ఆయనకి. పొగ వాసన వచ్చే పాప్రికా స్పెయిన్ ది, దీనికి పనికిరాదు. ఇండియాలో ఉన్నవాళ్ళకి నా సలహా వరంగల్ చపాటా మిర్చి, టమాటా మిర్చి అంటారు కదా, రంగు బాగా ఉంటుంది కారం తక్కువ, గింజలు తీసేసి మెత్తగా పొడి కొట్టుకోండి.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో కొవ్వు వేడి చేసి సన్నగా తరిగిన ఉల్లిపాయలు వేసి సన్న మంట మీద 15, 20 నిమిషాలు మగ్గనివ్వాలి, బిర్యానీకి వేయించినట్టు ఎర్రగా కాదు, అద్దంలా అయ్యి అంచుల్లో బంగారు రంగు తిరిగితే చాలు. ఇప్పుడు స్టవ్ ఆపెయ్యండి. గిన్నె దించి పక్కన పెట్టి అప్పుడు పాప్రికా వెయ్యాలి. గరిటె నాలుగు తిప్పులు తిప్పేలోపు పొడి కొవ్వులో కలిసిపోయి ఉల్లిపాయ ముక్కలన్నీ కుంకుమ రంగుకి తిరుగుతాయి, తియ్యటి వాసన గుప్పుమంటుంది, వెంటనే మాంసం, పావు గ్లాసు నీళ్ళు వేసెయ్యండి. పాప్రికాలో చక్కెర ఉంటుంది, మంట మీద వేస్తే క్షణాల్లో మాడి గోధుమరంగుకి వచ్చి చేదెక్కుతుంది, ఇంక దాన్ని బాగుచేసే దారి లేదు, నేను మొదటిసారి అలాగే ఒక గిన్నెడు పారబోశా.

మళ్ళీ స్టవ్ వెలిగించి ఉప్పు, దంచిన వెల్లుల్లి, కేరవే, ఆకు వేసి మూత పెట్టి సన్న సెగన గంటన్నర ఉంచండి. మాంసం తన నీళ్ళలోనే ఉడకాలి. అడుగునుంచి చిర్రుమని చప్పుడు వస్తే నీళ్ళు ఇగిరినట్టు, అప్పుడు కాసిని వేడినీళ్ళు పోసి మూత పెట్టండి, ఎక్కువ పోస్తే ఉడకపెట్టిన మాంసం అవుతుంది తప్ప రుచి పట్టదు. కుక్కర్ నాకు ఇష్టం లేదు, చప్పుడు వినపడదు.

ముక్క ముప్పాతిక ఉడికాక టమాటా, క్యాప్సికమ్, క్యారెట్, లీటరుంపావు వేడినీళ్ళు, పది నిమిషాలయ్యాక బంగాళాదుంపలు. మైదా గానీ కార్న్‌ఫ్లోర్ గానీ కలపకండి, చిక్కదనం ఉల్లిపాయ నుంచే రావాలి.

దుంపలు ఉడికేలోపు చిపెత్కె చేసుకోవచ్చు: ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, పట్టినంత మైదా, నీళ్ళు లేకుండా గట్టిగా కలిపి, వేళ్ళకి పిండి అద్దుకుని శనగగింజంత ముక్కలు గిల్లి మరిగే పులుసులో వెయ్యండి. పైకి తేలాక ఇంకో రెండు మూడు నిమిషాలు. నేని గిల్లుతుంటే చూడాలి, టీవీ చూస్తూ చేతికి చూపు అవసరం లేకుండా ఒకే సైజులో పడతాయి.

తెల్ల బ్రెడ్ తో తినండి, కారం కావాలంటే పచ్చి మిరప ముద్ద పక్కన పెట్టుకోండి. మర్నాటికి ఉంచాలనుకుంటే మాత్రం చిపెత్కె అందులో వెయ్యకండి, రాత్రంతా నాని పులుసు మొత్తం తాగేస్తాయి, విడిగా ఉప్పునీళ్ళలో ఉడికించుకుని వడ్డించేటప్పుడు కలుపుకోండి.