గింజ నుంచి గ్లాసు దాకా – 3వ పాఠం: గంట సేపు వేడి కాపలా

మొదటి పాఠంలో యవలు నానబెట్టి మొలకెత్తించాం. రెండో పాఠంలో వాటిని డాబా మీద ఎండబెట్టి, ఎండిన మొలక వేళ్లు నలిపి చెరిగేశాం. ఇప్పుడు మీ డబ్బాలో కిలో బార్లీ మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ఆ యవలు, ఉండాలి. ఒక గింజ నోట్లో వేసుకుని కొరకండి. పటుక్కున విరిగి, నమిలేకొద్దీ తియ్యగా తగిలితే పాసయినట్టే. పళ్ల కింద సాగితే ఇంకో రోజు ఎండ చూపించి రండి. తొందరపడి బాణలిలో కాఫీ గింజల్లా వేయించేసినవాళ్లు అందులో గుప్పెడు మాత్రం రంగు కోసం దాచుకోండి. మిగతాది ఈ పాఠానికి పనికిరాదు. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఈ వారం పని పేరు మాషింగ్, అంటే మాల్ట్‌లోని పిండిని చక్కెరగా మార్చి తియ్యటి ద్రవం దించడం. బీరు చేసేవాళ్ల నేర్పులో సగం పైన ఇక్కడే ఉంటుంది. చేసేదల్లా నలిపిన మాల్ట్‌ని వేడినీళ్లలో గంట సేపు ఉంచడమే. అయితే ఆ వేడి అటూ ఇటూ కాకూడదు.

ముందు ఒక చిన్న తమాషా చూడండి. గుప్పెడు అన్నం మెత్తగా ఉడికించి, చిక్కటి గంజిలా మెదిపి రెండు గిన్నెల్లో పొయ్యండి. వేలు పెడితే చురుక్కుమని వెంటనే తీసేసేంత వేడికి రానివ్వండి. ఒక గిన్నెలో చెంచాడు మాల్ట్ పొడి కలిపి, రెంటికీ మూత పెట్టండి. పావుగంట తర్వాత చూస్తే మాల్ట్ వెయ్యని గిన్నెలో గంజి బిగుసుకుని గరిటెకి అంటుకుపోతుంది. మాల్ట్ వేసినది పలచబడి గరిటె మీంచి నీళ్లలా జారిపోతుంది. నాలుక మీద వేసుకోండి, పంచదార వెయ్యకుండానే తీపి.

ఇది మన ఇళ్లలో ఎప్పుడూ జరిగేదే. మొలకెత్తిన రాగుల పిండితో జావ కాస్తే ఎంత పిండి వేసినా చిక్కబడదు. మా అమ్మ పిండి మిల్లు అతన్ని అనుమానించేది, ఇందులో ఏదో కలిపాడు, పస లేదు అని. పాపం అతని తప్పేమీ లేదు. మొలకెత్తేటప్పుడు గింజ తన పిండిని తానే కోసుకోవడానికి కొన్ని ఎంజైములు తయారు చేసుకుంటుంది. జావ వేడెక్కేటప్పుడు అవే పిండిని పలచన చేస్తాయి. ఫ్రాన్సులో పాయెన్, పెర్సో అనే ఇద్దరు 1833లో మాల్ట్ నుంచి ఈ పదార్థాన్ని వేరు చేసి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. తర్వాత దొరికిన చాలా ఎంజైముల పేర్లకి చివర ‘ఏజ్’ తగిలించడం అక్కణ్ణుంచే వచ్చింది.

ఈ ఎంజైముల్లో మనకు కావలసినవి రెండు. పిండి పదార్థాన్ని పూసల గొలుసు అనుకోండి. బీటా అమైలేజ్ గొలుసు చివర కూర్చుని రెండేసి పూసలు తెంపుతూ పోతుంది. ఆ రెండు పూసల ముక్కే మాల్టోజ్ అనే చక్కెర. ఆల్ఫా అమైలేజ్‌కి అంత ఓపిక లేదు, గొలుసు మధ్యలో ఎక్కడ పడితే అక్కడ తెంపేస్తుంది. అది తెంపిన ప్రతిచోటా బీటాకి కొత్త చివర దొరుకుతుంది. బీటాకి 60 నుంచి 65 డిగ్రీలు ఇష్టం, 70 దాటితే త్వరగా చచ్చిపోతుంది. ఆల్ఫాకి 70 దగ్గర హుషారు. ఇద్దరూ కలిసి పనిచేసే రాజీ 66 డిగ్రీలు. బాగా వేయించిన మాల్ట్‌లో ఈ ఇద్దరూ ఎప్పుడో పోయారు, అందుకే పనికిరాదన్నాను.

ఇక నలపడం. నా మొదటి ప్రయత్నం ఇక్కడే బెడిసింది. మిక్సీలో వేసి మెత్తగా పొడి చేసేశాను. గంట తర్వాత వడకడదామంటే గుడ్డ మీద మైదా ముద్దలా కూర్చుంది, చుక్క దిగలేదు. అది మే నెల. పొద్దున దిగుతుందిలే అని మూత పెట్టి పడుకున్నాను. తెల్లారి లేచేసరికి వంటిల్లంతా తరవాణి కుండ వాసన. కనీసం తరవాణి అయితే తాగేవాళ్లం.

పొట్టు విడిపోవాలి గానీ చిరగకూడదు. వడకట్టేటప్పుడు ఆ పొట్టే జల్లెడలా పనిచేస్తుంది. మిక్సీ అయితే కొద్దికొద్దిగా వేసి, రెండు సెకన్ల చొప్పున మూడు నాలుగు సార్లు తిప్పి ఆపండి. మిల్లుకి తీసుకెళ్తే లావు గోధుమ రవ్వ పట్టినట్టు పట్టమనండి. అంతకంటే ముందు, ఇందాక ఏం పట్టారో అడగండి. గుంటూరైనా బెజవాడైనా మన మిల్లుల్లో కారం పట్టని రోజుండదు. కారం మాల్ట్ నేను తాగి చూశాను, మీకు అక్కర్లేదు.

నీళ్లు 3 లీటర్లు. కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన వస్తుంటే ముందురోజు మరిగించి చల్లార్చి పెట్టుకోండి. గింజ చల్లగా ఉంటుంది కాబట్టి నీళ్లు 66 కంటే వేడిగా ఉండాలి. చలిదేశాల పుస్తకాల్లో లెక్క గింజ 20 డిగ్రీలు ఉందనుకుని వేస్తారు, మన వంటింట్లో అది 30కి తక్కువ ఉండదు. కిలో మాల్ట్‌కి 3 లీటర్లు అయితే నీళ్లు 71 డిగ్రీలు చాలు. ఎండాకాలం 70. థర్మామీటర్ తప్పకుండా కొనండి, వంటకి వాడేది. జ్వరం చూసేది పెట్టకండి, అది 42 దగ్గరే చేతులెత్తేస్తుంది. థర్మామీటర్ వచ్చేలోపు ఆగలేనివాళ్లకి ఒక కొలత: సలసల మరిగే నీళ్లు లీటరు ముప్పావు, మామూలు నీళ్లు లీటరు పావు. కలిపితే ఇంచుమించు 71 వస్తుంది.

అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నెని ముందు వేడినీళ్లతో తొలిచి పారబొయ్యండి, లేకపోతే గిన్నే రెండు డిగ్రీలు లాగేస్తుంది. నీళ్లు పోసి, మాల్ట్‌ని ఉప్మా రవ్వ పోసినట్టు ఒక చేత్తో పోస్తూ రెండో చేత్తో కలపండి. ఉండ కట్టిన చోట లోపల పిండి పొడిగా మిగిలిపోతుంది. కొలిచి చూడండి. 65కీ 68కీ మధ్య ఉంటే మూత పెట్టి, గిన్నెని పాత బొంతలో చుట్టేయండి. ఎక్కువుంటే అరగ్లాసు చన్నీళ్లు, తక్కువుంటే అరగ్లాసు మరిగే నీళ్లు. ఇక మాటిమాటికీ మూత తియ్యకండి. మా ఇంట్లో గంట తర్వాత 63 దగ్గర ఉంటుంది, బొంత మహిమ కొంత, బెజవాడ మహిమ కొంత.

గంటయ్యాక పిండి నిజంగా చక్కెరయిందో లేదో అయోడిన్‌తో తెలుస్తుంది. పుండ్లకి రాసే పోవిడోన్ అయోడిన్ మందుల షాపులో దొరుకుతుంది. తెల్ల పళ్లెంలో చెంచాడు తేట ద్రవం తీసుకుని ఒక చుక్క వెయ్యండి. నల్లగానో నీలంగానో మారితే ఇంకా పిండి ఉంది, మరో పావుగంట ఆగండి. అయోడిన్ రంగు అలాగే ఉంటే పని అయిపోయింది. పొట్టు ముక్క పడితే అది ఎప్పుడూ నల్లబడుతుంది, దాన్ని చూసి కంగారు పడకండి. ఆ చెంచాడూ సింకులో పారబొయ్యండి, మళ్లీ గిన్నెలో కలపకండి.

వడకట్టడానికి చిల్లుల గిన్నెలో పలచటి పాత పంచె ముక్క పరిచి, నానిన మాల్ట్, నీళ్ల మిశ్రమం (దీన్నే మాష్ అంటారు) మొత్తం మెల్లగా దించండి. మొదట వచ్చేది మజ్జిగలా మబ్బుగా ఉంటుంది. దాన్ని గ్లాసుతో పట్టి మళ్లీ పొట్టు మీదే పొయ్యండి. నాలుగైదు సార్లకి తేటపడి తేనె రంగులో దిగుతుంది. గుడ్డ పిండాలని చేతులు లాగుతాయి, పిండకండి. తర్వాత 75 డిగ్రీల నీళ్లు 3 లీటర్లు కొంచెం కొంచెంగా పైన పోస్తూ మిగిలిన తీపి దించండి. మరిగే నీళ్లు పోస్తే పొట్టులోని వగరు దిగుతుంది. గింజ లీటరు నీళ్లు తాగేస్తుంది కాబట్టి చేతికి 5 లీటర్లు వస్తుంది. దీన్ని వోర్ట్ అంటారు. పిప్పి వెంటనే గేదెలున్నవాళ్లకి ఇచ్చేయండి, సాయంత్రానికల్లా పులిసిపోతుంది.

తీపి ఎంతుందో కొలవడానికి పాల కేంద్రంలో వాడే లాక్టోమీటర్ చాలు. అది చూపే 28 అంటే సాంద్రత 1.028 అని. వోర్ట్ చిక్కదనం దాని గీతలు దాటిపోవచ్చు, అందుకే గ్లాసు వోర్ట్‌కి గ్లాసు నీళ్లు కలిపి, బాగా చల్లార్చి చూడండి. వచ్చిన అంకెని రెట్టింపు చెయ్యండి. 20 వస్తే అసలు 40, అంటే వంద గ్రాముల వోర్ట్‌లో సుమారు 10 గ్రాముల తీపి. ఇంట్లో మొలకెత్తించిన గింజకి అది మంచి మార్కే. 16 వచ్చినా బాధపడకండి, ఈసారి నలపడం కాస్త సరిచేసుకుంటే పెరుగుతుంది.

ఇక్కడ ఈస్ట్ వేస్తే బీరు మొదలవుతుంది. మనం వెయ్యం. లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చెయ్యడం 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం కింద నేరం. ఇంట్లో తాగడానికే కదా అంటే కుదరదు. బవేరియాలో 1516లో బీరుకి పెట్టిన కట్టడిలో కూడా బార్లీ, హాప్స్ అనే చేదు పూలు, నీళ్లు అనే ఉంది, ఈస్ట్ ఊసే లేదు. వాళ్లు ఎందుకు రాయలేదో గానీ, మనం తెలిసే వదిలేస్తున్నాం.

వోర్ట్‌ని ఆ పూటే పొయ్యి మీద పెట్టండి, రేపటికి వాయిదా వెయ్యొద్దు. పావుగంట మరిగించి, గిన్నెని చన్నీళ్ల తొట్టెలో పెట్టి చల్లార్చి, సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు రోజుల్లో తాగేయండి. ఒక లీటరు మాత్రం విడిగా ఉంచి, ఫ్రీజర్‌లో గడ్డ కట్టించండి. నాలుగో పాఠంలో ధనియాలు, నారింజ తొక్క వేసి దాన్నే మళ్లీ మరిగిస్తాం. సీసా మీద తేదీతో పాటు లాక్టోమీటర్ అంకె కూడా రాయండి, అది లేకపోతే వచ్చే పాఠంలో లెక్క కట్టలేం.