ఆదివాసీ మహిళల గురించి సభ పెడుతున్నారా? ముందు ఈ పనులు చేయండి

ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం దగ్గర పడుతుంటే ఏజెన్సీ స్కూళ్లలో ఒకటే హడావుడి. ఫ్లెక్సీ, మైకు, థింసా నాట్యం, శాలువాలు. మేమూ మొదటిసారి అలాగే చేశాం. రోడ్డు లేని రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కాన్పులు చేసిన ఒక పెద్దమ్మను పిలిచాం. పొద్దున తొమ్మిదికే వచ్చి కూర్చుంది. అతిథుల ప్రసంగాలు అయ్యేసరికి మూడు దాటింది, గబగబా శాలువా కప్పి ఫొటో తీసుకున్నాం, ఈలోగా వాళ్ల ఊరి జీపు వెళ్లిపోయింది, ఆమె నడిచే వెళ్లింది. ఆ రోజంతా ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడించలేదు మేం. అది ఇప్పటికీ నాకు బాధే. మీరు అలా చేయకూడదనే ఇది రాస్తున్నా.

ముందు తేదీ. ఆగస్టు 9 అందరికీ తెలిసిందే, 1982లో ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల కోసం వేసిన బృందం తొలిసారి సమావేశమైన రోజు. ఆదివాసీ మహిళలకంటూ విడిగా సెప్టెంబరు 5 ఉంది. బొలీవియా ప్రాంతంలో స్పానిష్ పాలన మీద తిరగబడ్డ ఐమారా తెగ మహిళ బార్తోలినా సీసాను 1782లో అదే రోజున చంపేశారు, ఆమె పేరున 1983 నుంచి దీన్ని జరుపుతున్నారు. మనకు అది టీచర్స్ డే కూడా కాబట్టి స్కూల్లో ఆ రోజు పాఠం ఊరి పెద్దమ్మతో చెప్పించండి, అంతకన్నా మంచి పద్ధతి నాకు కనపడలేదు. ఏ తేదీ అయినా సంత రోజు మాత్రం వద్దు. చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు అమ్ముకునే రోజు వదులుకుని మీ సభకు ఎవరొస్తారు? వరినాట్లు, కలుపు ఏ దశలో ఉన్నాయో కూడా వాళ్లనే అడిగి పెట్టుకోండి.

ఎవరి కథలు చెప్పాలి? రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గురించి పిల్లలకు తప్పకుండా చెప్పండి, మయూర్‌భంజ్ జిల్లాలోని సంతాల్ ఊరి నుంచి 2022లో ఆ పదవి దాకా వెళ్లారు. కోయ బిడ్డ సీతక్క గుత్తికోయల మీదే పరిశోధన చేసి 2022లో ఉస్మానియా నుంచి డాక్టరేట్ తీసుకున్నారని చెప్పండి. నాకు ఎక్కువ ఇష్టమైన కథ మాత్రం కమలా పూజారిది. మన అరకు దాటితే వచ్చే కోరాపుట్ జిల్లా ఆమెది. ఊళ్లు తిరిగి పాత వరి విత్తనాలు సేకరించి దాచారు, 2019లో పద్మశ్రీ వచ్చింది, 2024లో చనిపోయారు. మహారాష్ట్రలో మహాదేవ్ కోలీ తెగకు చెందిన రాహీబాయి పోపరే కూడా అంతే, బడికి వెళ్లని మనిషి, నాటు విత్తనాల బ్యాంకు నడిపి 2020లో పద్మశ్రీ జాబితాలో చేరారు. ఈ ఇద్దరి గురించి చెప్పాక "మీ ఇంట్లో విత్తనాలు ఎవరు దాస్తారు?" అని పిల్లల్ని అడిగి చూడండి, దాదాపు అందరూ అమ్మ పేరో నాన్నమ్మ పేరో చెబుతారు. చోళ్లు, సామలు, వలిసెలు, రాజ్మా, ఏవి ఉంటే అవి తెమ్మనండి. పేరున్నవాళ్ల కథ ఒకటి చెబితే మీ ఊరివాళ్ల కథలు మూడు ఉండాలి, ఇది నేను పెట్టుకున్న లెక్క.

ఇంక అసలు పని, మీరు సభకు పిలిచే పెద్దమ్మ దగ్గరికి వెళ్లి ఆమె కథ వినడం. కెమెరా ఎదురుగా పెట్టి "మీరు సాధించినవి చెప్పండి" అంటే ఎవరూ చెప్పలేరు. చేతిలో పని ఉన్నప్పుడు వెళ్లండి. నేను వెళ్లినప్పుడు ఒకామె అరుగు మీద అడ్డాకులు కుడుతోంది. ఆకు మీద ఆకు పెట్టి, సన్నని వెదురు పుల్ల గుచ్చి, మిగిలిన ముక్క పుటుక్కున విరిచేస్తూ, తల ఎత్తకుండానే మాట్లాడింది. "మొదటిసారి ఒంటరిగా సంతకు ఎప్పుడు వెళ్లావమ్మా?" అని అడిగానంతే, కొండ దిగిన దారి, తూకంలో జరిగిన మోసం, తర్వాతి వారం ఊరి ఆడవాళ్లందరినీ వెంటేసుకుని వెళ్లి దెబ్బలాడి సరుకు మళ్లీ తూయించడం, అన్నీ వరసగా వచ్చేశాయి. నేను అడిగింది ఆ ఒక్క ప్రశ్నే!

ఏ భాషలో చెబితే ఆ భాషలోనే రికార్డు చేయండి. కువి కావచ్చు, కోయ కావచ్చు, ఆదివాసీ ఒడియా కావచ్చు, తెలుగులో చెప్పమని ఇబ్బంది పెట్టకండి, మనవరాలు పక్కన కూర్చుని తెలుగు చేస్తుంది. ఫోన్ ఆన్ చేసే ముందు అడగాలి, అయ్యాక వినిపించాలి, "ఇది తీసెయ్" అంటే అక్కడికక్కడే తీసెయ్యాలి. ముఖ్యంగా మందుమొక్కల సంగతులు యూట్యూబ్‌లో పెట్టకండి. కేరళలో కాణి తెగవాళ్లు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్కతో 'జీవని' అనే మందు తయారైంది, దాని ఆదాయంలో కాణివాళ్లకూ వాటా ఇచ్చే ఏర్పాటు చేశారు కాబట్టి దేశమంతా దాని గురించి చెప్పుకున్నారు. మన వీడియో చూసి ఎవరో పట్టుకుపోతే ఆమెకు వాటా ఎవరిస్తారు?

పేరు ఆమె పలికినట్టే రాయండి. కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, ఇంటిపేరులోనే వంశం కథ ఉంటుంది, ఫ్లెక్సీలో దాన్ని పాడుచేయొద్దు.

సభ రోజు మొదటి మాట ఆమెదే, అతిథులు ఆమె తర్వాత మాట్లాడతారు. ఈ సంగతి అతిథులకు ముందే ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే అక్కడ టెన్షన్. థింసా వాళ్లకు ఆడాలనిపిస్తే ఆడతారు, ఎవరో పెద్దలు వచ్చారని ఎండలో నిలబెట్టి ఆడించకండి. ఆ రోజు కూలి, జీపు చార్జీ, భోజనం మీ ఖర్చులో మొదటి పద్దుగా రాసుకోండి, శాలువాల సంగతి తర్వాత చూడొచ్చు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ముగించండి.

అయిపోయాక రెండు పనులు. ఫొటో ప్రింటు తీయించి ఇంటికి తీసుకెళ్లి ఇవ్వండి, వాట్సాప్‌లో పంపితే చాలదు, చాలామంది పెద్దవాళ్లకు ఫోనే లేదు. రికార్డింగ్ మనవలెవరి ఫోన్‌లోనైనా ఎక్కించండి. ఆ అడ్డాకులు కుట్టే అమ్మకు నేను అలాగే వినిపిస్తే, మొత్తం విని, "ఆ తూకం వేసినవాడి పేరు చెప్పడం మర్చిపోయా, మళ్లీ ఆన్ చెయ్" అంది.