డిజిటల్ వైట్‌బోర్డు మీద టీమ్ మీటింగ్ ఎలా నడపాలి? చీటీలు కలిపే దగ్గరే అసలు పని

ఆఫీసులో నలుగురు, ఇళ్లలో ఆరుగురు. కాన్ఫరెన్స్ రూమ్‌లో ఒకరు లేచి గోడ మీది బోర్డు మీద మార్కరుతో గీతలు గీస్తుంటారు. కెమెరాలో ఆయన వీపు ఒక్కటే కనిపిస్తుంది. ఇంటి నుంచి చూసేవాళ్లు "కనపడట్లేదండీ" అని రెండుసార్లు అంటారు. మూడోసారి అనరు. మీటింగ్ అయ్యాక బోర్డు ఫోటో వాట్సాప్ గ్రూపులో పడుతుంది, ట్యూబ్‌లైట్ వెలుగు పడి అందులో సగం అక్షరాలు తెల్లబోయి ఉంటాయి. ఇది తప్పించుకోవడానికి డిజిటల్ వైట్‌బోర్డు, అంటే అందరూ ఎవరి తెర మీంచి వాళ్లు ఒకేసారి రాస్తూ స్టిక్కీ నోట్లు (మేం చీటీలు అంటాం) అతికించగలిగే బోర్డు, తెచ్చుకున్న టీములు కూడా దాన్ని ఇంతే అధ్వానంగా వాడుతున్నాయి. అది చూసి చూసి ఇది రాస్తున్నాను.

నేను రెండు వారాలకోసారి రిట్రోస్పెక్టివ్ నడుపుతాను. అంటే మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రిలీజు అయిపోయాక ఏం బాగా జరిగింది, ఎక్కడ దెబ్బ తిన్నాం, ఈసారి ఏం మార్చుకోవాలి అని టీమంతా కూర్చుని చూసుకోవడం. గచ్చిబౌలి ఆఫీసులో కొందరు, విజయవాడ, వరంగల్ ఇళ్లలో కొందరు, న్యూజెర్సీలో ఇద్దరు ఉంటారు. ఆ మీటింగునే ఉదాహరణగా తీసుకుని చెబుతాను. కొత్త ఫీచరు ఆలోచనలకైనా, కస్టమర్ల ఫిర్యాదులు విడదీయడానికైనా ఇదే పద్ధతి.

ఏ బోర్డు?

మీ కంపెనీలో ఏది ఉంటే అది. మిరో, ఫిగ్‌జామ్, మైక్రోసాఫ్ట్ వైట్‌బోర్డు, ఏదైనా సరే. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లోనే మీటింగులు జరిగేచోట మైక్రోసాఫ్ట్ వైట్‌బోర్డు చాలు. ఏదీ లేకపోతే ఎక్స్‌కాలిడ్రా లాగిన్ అడగకుండానే తెరుచుకుంటుంది. ఏది మేలు అని వారాల తరబడి తేల్చుకుంటూ కూర్చోవద్దు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. గూగుల్ జామ్‌బోర్డును ఆ కంపెనీ 2024 చివరితో మూసేసింది. బోర్డుల్ని అందులోనే దాచుకున్నవాళ్లు ఆఖరి నెలల్లో వాటిని వేరేచోటికి మార్చుకోవాల్సి వచ్చింది. బోర్డు పనిచేసుకునే బల్లలాంటిది. బీరువా అనుకోవద్దు.

బోర్డు సిద్ధం చేయడం

ముందురోజే పది నిమిషాల్లో చేసేయండి. మూడు ఫ్రేములు (బోర్డు మీద గీసుకునే పెద్ద పెట్టెలు) పక్కపక్కన పెట్టండి: రాసే చోటు, కలిపే చోటు, నిర్ణయాలు. ఫ్రేములనూ శీర్షికలనూ లాక్ చేయండి, లేకపోతే మొదటి ఐదు నిమిషాల్లోనే ఎవరో ఒకరు ఫ్రేము మొత్తాన్ని పక్కకు లాగేస్తారు. పడవ, లంగరు, కొండ బొమ్మలున్న రెడీమేడ్ టెంప్లేట్లు నేను వాడను, మీరూ వాడవద్దు. లంగరు అంటే ఏమిటో వివరించడానికే ఐదు నిమిషాలు పోతాయి.

లింకును క్యాలెండర్ ఇన్వైట్‌లోనే పెట్టండి. పంపేముందు ఇన్‌కాగ్నిటో విండోలో ఒకసారి తెరిచి, బయటి ఖాతాతో కూడా రాయడానికి వీలవుతోందో లేదో చూడండి. "నాకు వ్యూ ఓన్లీ చూపిస్తోంది" అన్న మాట మీటింగ్ మొదలయ్యాక వినపడకూడదు.

టైము సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. మన రాత్రి 7:30 న్యూజెర్సీలో వేసవిలో ఉదయం 10, చలికాలంలో 9. మార్చిలోనూ నవంబరులోనూ అక్కడ గడియారం మారుస్తారు కాబట్టి ఆ వారాల్లో ఇన్వైట్ సరిచూడాలి.

ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లదే

దీనికి మినహాయింపు లేదు. ఒకే గదిలో నలుగురు కూర్చున్నా నలుగురూ ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు బోర్డు తెరవాలి. గదిలో మైకు ఒకటే ఆన్‌లో ఉండాలి, మిగతావాళ్లు మ్యూట్ చేసుకుని స్పీకరు కూడా తగ్గించుకోవాలి, లేకపోతే గోల పెడుతుంది. గోడ మీది బోర్డు జోలికి ఎవరూ వెళ్లకూడదు. మార్కర్లు నేను ముందే తీసి పక్కన పెట్టేస్తాను.

ఒక్క ల్యాప్‌టాప్‌లో తెరిచి, "మీరు చెప్పండి, నేను రాస్తాను" అనే పెద్దమనిషి ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఆయన రాసేది మనం చెప్పింది కాదు, ఆయనకు అర్థమైంది. పైగా కొత్తగా చేరిన అమ్మాయి, మేనేజరుకు నచ్చని మాటను ఆయన చేత ఎలా రాయిస్తుంది? ఫోన్‌లో చూస్తాం అనేవాళ్లకు కూడా ల్యాప్‌టాప్ తెచ్చుకోమనే చెప్పండి. చదవడానికి ఫోన్ పనికొస్తుందేమో కానీ, చీటీలు లాగడానికి పనికిరాదు.

మాట్లాడకుండా రాయడం

టైమరు ఏడు నిమిషాలకు పెట్టండి. అందరూ మ్యూట్. మనిషికి ఐదు చీటీలు, అంతకు మించొద్దు. పదిమంది ఉంటే యాభై అవుతాయి, అంతకన్నా ఎక్కువైతే ఎవరూ చదవరు.

ముందు మాట్లాడుకుని తర్వాత రాద్దాం అనేవాళ్లుంటారు. అది తప్పని 1987లో డీల్, స్ట్రూబె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి చూపించారు. గుంపులో ఒకరు మాట్లాడేటప్పుడు మిగతావాళ్లు తమ వంతు కోసం ఆగాలి. ఆగే లోపల తమ ఆలోచన జారిపోతుంది. విడివిడిగా రాసుకున్నవాళ్ల ఆలోచనలు కలిపితేనే లెక్కకు ఎక్కువ వచ్చాయి. వీడియో కాల్‌లో ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడితే ఇద్దరివీ వినపడవు కాబట్టి ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది.

ఒక చీటీలో ఒకటే విషయం ఉండాలి. క్రియ తప్పకుండా ఉండాలి. "టెస్టింగ్" అని రాస్తే అది చీటీ కాదు. "టెస్ట్ డేటా సోమవారం దాకా రాలేదు" అని రాస్తే చీటీ. తెలుగులో రాయాలనిపిస్తే తెలుగులోనే రాయమనండి. మా టీములో కోపం వచ్చిన చీటీలు తెలుగులోనే వస్తాయి, అసలు సంగతి వాటిలోనే ఉంటుంది. బోర్డులో ఇతరుల కర్సర్లను కనపడకుండా చేసే వీలుంటే ఈ ఏడు నిమిషాలూ చేసుకోమనండి. తెర మీద పది బాణాలు పరిగెడుతుంటే ఆలోచన సాగదు.

చీటీలు కలపడం

ఇప్పటిదాకా చెప్పినవి ఎవరైనా చేస్తారు. మీటింగ్ పాడయ్యేది ఇక్కడ. నిదానంగా చదవండి.

చీటీలు మొదలుకాక ముందే "ప్రాసెస్, టూల్స్, కమ్యూనికేషన్" అని మూడు గళ్లు గీసి ఉంచి, వాటిలోకి చీటీలు తోసేయడం చాలామంది చేసే పని. అలా చేయకండి. గళ్లు ముందే ఉంటే చీటీని చదవరు, గడి పేరునే చదువుతారు. ఒక్కసారి మేం అలాగే గళ్లు పెట్టి నడిపాం. పద్నాలుగు చీటీలు "కమ్యూనికేషన్" గడిలో చేరాయి. "కమ్యూనికేషన్ మెరుగుపరచాలి" అని నిర్ణయాల ఫ్రేములో రాసి లేచిపోయాం. తర్వాతి రిలీజులో మళ్లీ అదే శుక్రవారం రాత్రి, అదే బిల్డ్ (ప్రోగ్రామును రిలీజుకు తయారుచేసే పని) ఆగింది.

ఆ పాత బోర్డు తెరిచి చూస్తే రెండు చీటీలు కనిపించాయి. పసుపు చీటీ మీద "టెస్ట్ డేటా సోమవారం దాకా రాలేదు". అది "ప్రాసెస్" గడిలో ఉంది. ఆకుపచ్చ చీటీ మీద "శుక్రవారం రాత్రి 11కి బిల్డ్ ఆగింది, అనుమతి ఇచ్చేవాళ్లు లేరు". అది "టూల్స్" గడిలో ఉంది. రెండూ ఒకటే సంగతి. టెస్ట్ సర్వరుకు అనుమతి ఇవ్వగలిగిన మనిషి ఒక్కరే. ఆయన సెలవులో ఉన్నారు. గళ్లు లేకుండా ఆ రెండు చీటీలూ పక్కపక్కన పడి ఉంటే ఎవరో ఒకరికి తట్టేది. ఆ అనుమతి ఇంకొకరికి కూడా ఇప్పిస్తే ఆరోజే తీరిపోయేది.

కాబట్టి కింది నుంచి పైకి రావాలి. ముందు చీటీలు, తర్వాత గుంపులు, చివరికి పేర్లు. ఈ పద్ధతికి జపాన్‌లో కేజే అని పేరుంది. నేపాల్‌లో క్షేత్ర పరిశోధన చేసిన జిరో కవకిత అనే మానవ శాస్త్రవేత్త, తాను పోగు చేసుకున్న వివరాలను కూర్చుకోవడానికి దీన్ని తీర్చిదిద్దారు. కేజే అన్నది ఆయన పేరులోని మొదటి అక్షరాలే. తెరలూ కర్సర్లూ లేనప్పుడు కాగితం ముక్కలతో పుట్టిన పద్ధతి ఇది.

మొదలుపెట్టే ముందు ఒక పని తప్పకుండా చేయండి. రాసే ఫ్రేమును మొత్తం కాపీ చేసి పక్కన పెట్టి, ఆ కాపీని లాక్ చేయండి. పదిమంది ఒకేసారి లాగుతున్నప్పుడు ఎవరైనా పొరపాటున ఇరవై చీటీలు చెరిపేస్తే, మీరు కంట్రోల్ జెడ్ నొక్కినా తిరిగి రావు. అది మీరు చేసినదాన్నే వెనక్కి తెస్తుంది, వాళ్లు చేసినదాన్ని తేదు.

తర్వాత మళ్లీ మ్యూట్, మళ్లీ మౌనం, పది నిమిషాలు. అందరూ లాగాలి. నడిపే మనిషి ఒక్కరే లాగితే అది ఆయన గుంపు అవుతుంది, టీముది కాదు. ఈ పది నిమిషాల్లో కాన్ఫరెన్స్ రూమ్ వైపు చెవి పెట్టి ఉండండి. గదిలో ఉన్న నలుగురూ "ఇది అటు పెడదామా" అని గుసగుసలు మొదలుపెడతారు. ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ సణుగుడు తప్ప ఏమీ వినపడదు. తమకు చెప్పకుండా నిర్ణయం అయిపోతోందని అనుకుని చెయ్యి వెనక్కి తీసుకుంటారు. ఆ గుసగుస మొదలైన క్షణమే ఆపండి. మర్యాదకు పోయి ఊరుకోవద్దు.

ఒకే చీటీని ఒకరు అటు, ఇంకొకరు ఇటు రెండుసార్లు లాగితే పోట్లాట పెట్టుకోవద్దు. కంట్రోల్ డి నొక్కి కాపీ చేసి రెండుచోట్లా ఉంచండి. అలా రెండుచోట్ల ఉన్న చీటీల గురించే తర్వాత ఎక్కువసేపు మాట్లాడుకోవాలి.

"ఇది అదే కదా" అని చీటీ తీసేయకూడదు. ఐదుగురు ఒకే మాట రాశారంటే అది ఐదుగురికీ తగిలిన దెబ్బ. ఒకదాని మీద ఒకటి కొంచెం జరిపి పెట్టండి, ఎన్ని ఉన్నాయో చూడగానే తెలుస్తుంది.

ఎందులోనూ ఇమడని చీటీ ఒకటో రెండో మిగులుతాయి. వాటిని బలవంతంగా తోయకండి. "ఇతరములు" అనే గుంపు అసలు కట్టకండి. ఒంటరిగానే ఉండనివ్వండి, మాట్లాడేటప్పుడు వాటితోనే మొదలుపెట్టండి. మొదటిసారి వస్తున్న కష్టం ఎప్పుడూ ఒంటి చీటీగానే వస్తుంది.

మిరోలోనూ ఫిగ్‌జామ్‌లోనూ ఇప్పుడు ఈ పనిని ఏఐ క్షణాల్లో చేసి పెడుతుంది. ఆ బటన్ నొక్కకండి. మాటలు దగ్గరగా ఉన్న చీటీలను అది కలపగలదు. కానీ సెలవులో ఉన్న మనిషి సంగతి ఏ చీటీలోనూ లేదు, దానికెలా తెలుస్తుంది? పైగా లాగుతూ చదవడంలోనే ఒకరి కష్టం ఇంకొకరికి తెలుస్తుంది. ఆ పది నిమిషాలు మిగుల్చుకుని చేసేదేమీ లేదు.

గుంపులు కుదురుకున్నాకే మ్యూట్ తీసి పేర్లు పెట్టండి. పేరు ఒక్క మాటలో ఉండకూడదు, వాక్యం కావాలి. "కమ్యూనికేషన్" కాదు, "అనుమతి ఇచ్చేవాళ్లు ఒక్కరే ఉండటం వల్ల పని ఆగుతోంది". వాక్యం రాయలేకపోతున్నారంటే ఆ గుంపు సరిగా కుదరలేదు. విడగొట్టి మళ్లీ చూడండి. ఇంటి నుంచి వచ్చినవాళ్లను ముందు అడగండి, గదిలో వాళ్లను తర్వాత. ఈ వరుస తప్పితే గదిలో వాళ్లే మొత్తం మాట్లాడేస్తారు.

ఓట్లు, నిర్ణయాలు

మనిషికి మూడు ఓట్లు. టూల్‌లో ఓటింగ్ ఉంటే వాడండి, లేకపోతే చిన్న చుక్కలు పెట్టమనండి. అందరూ ఒకేసారి వేయాలి, మేనేజరు మాత్రం ఆఖరున. ఎక్కువ ఓట్లొచ్చిన రెండు గుంపులు తీసుకోండి, మూడోది వద్దు. ఒక్కోదానికి ఒక పని, ఒక మనిషి పేరు, ఒక తేదీ. "టీమ్" అని పేరు రాయకూడదు.

మీటింగ్ అయ్యాక

అదే రోజు ఆ రెండు పనులనూ జీరాలాంటి పనుల జాబితా టూల్‌లోనో, మీరు రోజూ చూసే మరేచోటో ఎక్కించండి. బోర్డును పీడీఎఫ్‌గా దింపి టీమ్ ఫోల్డరులో పెట్టండి. దింపాక ఒకసారి తెరిచి తెలుగు అక్షరాలు సరిగా వచ్చాయో లేదో చూసుకోండి, వత్తులు విడిపోయి ఉంటే స్క్రీన్‌షాట్ కూడా పెట్టండి. లింకు ఉన్న ఎవరైనా మార్చవచ్చు అన్న అనుమతిని తీసేయండి. తర్వాతి మీటింగుకు కొత్త బోర్డు తెరిచి, పైన ఎడమ మూలలో పాత రెండు పనులనూ చీటీలుగా అతికించండి. వాటి సంగతి తేలాకే టైమరు మొదలుపెట్టండి.