పంపు ఆగినా ప్రెజర్ చూపిస్తుంటే (నా అనుభవం)

తిరుపతిలో ఎం.టెక్ ప్రాజెక్టు కోసం కృత్రిమ గుండె పంపును పరీక్షించే లూప్ (ద్రవం తిరుగుతూ ఉండే గొట్టాల వలయం) కట్టుకున్నాం. విశ్రాంతిలో ఉన్న పెద్దవాళ్ల గుండె నిమిషానికి సుమారు 5 లీటర్లు తోస్తుంది. మేం పెట్టుకున్న గురీ అదే, 100 ఎంఎం పాదరసం ప్రెజర్ దగ్గర. రక్తానికి బదులు గ్లిజరిన్ కలిపిన నీళ్లు పోశాం.

ఏ వేగంలో చూసినా ప్రెజర్, అంటే పంపుకు రెండు వైపులా ఉన్న సెన్సర్ల తేడా, 16 ఎంఎం ఎక్కువే. మూడు రోజులు పంపులో తిరిగే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్‌నే అనుమానించి రెండుసార్లు విప్పాం. మనిషి ఛాతీలో పెట్టే యంత్రం, వదిలేయడానికి మనసొప్పలేదు. చివరికి మోటారు ఆపి చూశా. అప్పుడూ 16! అంటే తప్పు పంపుది కాదు.

బయటికి తోసే వైపు సెన్సర్ బల్ల కింది అరలో ఉంది, లోపలికి వచ్చే వైపుది బల్ల మీద. మధ్య 20 సెంటీమీటర్లు, అంటే 200 ఎంఎం. కిందున్న సెన్సర్ మీద ఆ ఎత్తు ద్రవం బరువు కూడా పడుతోంది. మా ద్రవం నీటికి 1.1 రెట్లు బరువు, పాదరసం 13.6 రెట్లు. 200ను 1.1తో గుణించి 13.6తో భాగిస్తే ఆ 16 వచ్చేసింది.

మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల పైపు తెచ్చి రెండు సెన్సర్లనూ ఒకే ఎత్తులో బిగించా. వాటికి వెళ్లే సన్న గొట్టాల్లోని బుడగలు సిరంజితో లాగేశా. పంపు ఆపితే ఇప్పుడు సున్నా.

ఇంకొకటి, మే ఎండకు ద్రవం వేడెక్కి పలచబడుతుంది. అందుకే ప్రతి రీడింగు పక్కన ఉష్ణోగ్రత కూడా రాస్తున్నాం.