బిళ్లల అంచుతో మొదలుపెట్టి పాతకాలపు ఉన్ని వస్త్రం నేయడం ఎలా?

ఇటలీలోని వెరుక్కియో సమాధుల్లో దొరికిన సుమారు 2,700 ఏళ్లనాటి ఉన్ని వస్త్రాలకూ, జర్మనీలోని థోర్స్‌బర్గ్ బురదనేలలో దొరికిన రోమన్ల కాలపు ఉత్తరీయానికీ అంచులు విడిగా నేసి కుట్టినవి కావు. రంధ్రాలున్న బిళ్లల్లో దారాలు ఎక్కించి, వాటిని తిప్పుతూ నేసే పట్టీలో దూర్చిన పేకను (అడ్డదారాన్ని) ఒక పక్కకు పొడవుగా లాగి వదిలితే, అదే మగ్గం మీద పడుగు (నిలువు దారాలు) అవుతుంది. అందుకే పట్టీలో జరిగిన తప్పు బట్ట చివరిదాకా కనిపిస్తుంది.

40 సెం.మీ. వెడల్పు నమూనాకు కావలసినవి:

- నాలుగు మూలలా రంధ్రాలున్న 6 సెం.మీ. చదరపు అట్టబిళ్లలు 12, అంచులకు మరో 8
- పట్టీకి 120 సెం.మీ. దారాలు 48
- పడుగుకు 500 మీటర్లు, పేకకు 350 మీటర్ల ఉన్ని దారం
- 400 గ్రాముల బరువురాళ్లు 16, 150 గ్రాములవి 8

పడుగుకు స్వెటర్ల ఉన్ని వద్దు. నూగు ఒకదానికొకటి పట్టుకుని పోగులు విడవవు. గట్టిగా పురిపెట్టిన రెండు పేటల దారం తీసుకోండి.

1. బిళ్లకు నాలుగు దారాలు ఎక్కించండి. ఒక బిళ్లకు ఎడమ నుంచి దూర్చితే పక్కదానికి కుడి నుంచి దూర్చాలి. అన్నీ ఒకేవైపు దూర్చితే పట్టీ మెలితిరుగుతుంది. దారాలను రెండు గుంజల మధ్య బిగించండి.

2. పట్టీ నుంచి 150 సెం.మీ. దూరంలో ఒక మేకు, మధ్యలో మరొకటి పాతండి. పట్టీ పోగుల సందులోంచి పడుగు దారాన్ని మడతగా లాగి చివరి మేకుకు తగిలించండి. మడతలో ఒక పోగు మధ్య మేకుకు ముందు, రెండోది వెనక వెళ్లాలి. బిళ్లలను పావు చుట్టు తిప్పి, గట్టిగా నొక్కి, మళ్లీ లాగండి.

సెంటీమీటరుకు 4 మడతలు, అంటే 8 పడుగు పోగులు. మొత్తం 160 మడతలు. ప్రతి 5 సెం.మీ.కు కొలిచి 20 వచ్చాయో లేదో చూడండి. నొక్కుడు ఒకలా లేకపోతే బట్టలో ఒకచోట చిక్కగా, మరోచోట పలచగా నిలువు చారలు పడతాయి. మగ్గమెక్కాక వాటిని సరిచేయలేం. పురి పేరుకుంటే బిళ్లలను వెనక్కి తిప్పడం మొదలుపెట్టండి. దిశ మారినచోట చిన్న గీత పడుతుంది, అది తప్పు కాదు.

3. గోడకు కాస్త వాల్చిన నిలువు మగ్గం పైకర్రకు పట్టీని సెంటీమీటరుకో కుట్టుతో బిగించండి. ముందు పోగులు కింది అడ్డకర్ర మీదుగా, వెనకవి దాని వెనక వేలాడాలి. ప్రతి 20 పోగులకు ఒక పెద్ద రాయి కట్టండి. వెనక పోగులను దారపు ఉచ్చులతో ఇంకో కర్రకు కడితే, దాన్ని ముందుకు లాగినప్పుడు రెండో సందు తెరుచుకుంటుంది.

4. రెండు పక్కలా నాలుగేసి బిళ్లల దారాలు పైకర్రకు కట్టి, బిళ్లకో చిన్న రాయి వేలాడదీయండి. రాయిని తిరగనిస్తే పేరుకున్న పురి దానంతటదే విడిపోతుంది. నాలుగు బిళ్లల దారాలూ ఒకే రాయికి కడితే ఈ వీలుండదు.

5. పేక బట్టలోనూ అంచు బిళ్లల్లోనూ కలిసి వెళ్లాలి. ప్రతి వరుసకూ బిళ్లలను పావు చుట్టు తిప్పి, పేకను విల్లులా వదులుగా పరచి, చెక్క కత్తితో పైకి కొట్టండి. బిగించి లాగితే వెడల్పు తగ్గిపోతుంది.

సుమారు 90 సెం.మీ. నేశాక రాళ్లు తీసి, నాలుగేసి పోగులు ముడివేసి కోయండి. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, రుద్దకుండా, పిండకుండా పరచి ఆరబెట్టండి.