రీఫర్ కంటైనర్ తలుపు మూసే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్‌కు రేవు లేదు. ఓడెక్కాల్సిన సరుకు ముందు ముంబై దగ్గరి నవా షేవా రేవుకో, చెన్నైకో చేరాలి. రోడ్డు మీద రీఫర్‌కు, అంటే లోపల చల్లదనం నిలిపే కంటైనర్‌కు, కరెంటిచ్చేది జెన్‌సెట్టే (డీజిల్ జనరేటర్) కాబట్టి లారీ కదలకముందే దాన్ని నడిపి చూడండి. డీజిల్ ఉందో లేదో కూడా.

• రీఫర్ సరుకును చల్లబరచదు, ఉన్న చల్లదనాన్ని నిలబెడుతుంది, అంతే. ఫ్రోజెన్ రొయ్యలు కోల్డ్ స్టోరేజీలోనే మైనస్ 18కి దిగాలి. అట్టపెట్టె పైన చూసిన రీడింగ్‌ను నమ్మొద్దు. గడ్డకట్టిన రొయ్యల బ్లాకు (దిమ్మె) ఒకదానికి సన్నని కన్నం వేసి, మధ్యలో థర్మామీటర్ పెట్టి చూడండి.

• బుకింగ్ కాగితంలో 'మైనస్' గుర్తు ఉందా? చిన్న గీతే, అది లేకపోతే 18 డిగ్రీల్లో రొయ్యలు ప్రయాణిస్తాయి!

• బంగినపల్లికి 13 డిగ్రీల దగ్గర పెట్టండి. ఇంకా చల్లగా ఉంటే మంచిదనుకుంటారు చాలామంది, కానీ తొక్క నల్లబడి కాయ సరిగా మాగదు. పండ్లకు గాలి వెంట్ (బయటి గాలి వచ్చే కిటికీ) తెరవాలి, ఫ్రోజెన్‌కు మూసేయాలి.

• బయట ఎండలో లోడ్ చేస్తుంటే యూనిట్ ఆపేయండి. లేదంటే వేడిగాలిలోని తేమ యూనిట్‌లోని చల్లటి కాయిల్‌పై మంచుగా పేరుకుంటుంది. లోపలి ఎర్ర గీత దాటి పేర్చొద్దు, గాలి తిరగదు.

• పండ్లకు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (చీడపీడలు లేవనే ధ్రువపత్రం), చెక్క ప్యాలెట్లపై ఐఎస్‌పీఎం 15 ముద్ర (చెక్కలో పురుగు లేకుండా శుద్ధి చేశారనే గుర్తు) ఉన్నాయో లేదో చూడండి.

• తలుపుకు వేసిన సీల్ నంబర్ ఫొటో తీసుకోండి.